ఆరు కంచాలు

వంటమనిషి భోజనాల గదిలోకి తొంగిచూడక్కర్లేదు. తిరిగొచ్చిన గిన్నెలు చూస్తే చాలు. ఎవరికి ఆకలేసింది, ఎవరు అలిగారు, ఏ కూరలో ఉప్పెక్కువైంది, అన్నీ అక్కడే తెలుస్తాయి. పద్నాలుగేళ్ళు అమెరికా దక్షిణాదిలో, మా నల్లపిల్లల వేసవి క్యాంపులో పెద్ద వంటమనిషిగా చేశాను. ప్రతి ఎండాకాలం వారానికి నూటయాభై మంది పల్లెటూరి పిల్లలు వచ్చేవారు. దూడల్నీ కోళ్ళనీ పెంచి, మొక్కజొన్న పండించి, జిల్లాలో పిల్లల వ్యవసాయ క్లబ్బు పోటీల్లో బహుమతులు కొట్టినవాళ్ళు. వచ్చేటప్పుడు ఎముకల గూళ్ళలా వచ్చి, వెళ్ళేటప్పుడు బుగ్గలొచ్చి వెళ్ళేవారు. అక్కడ చిన్నాపెద్దా అందరూ నన్ను మిసెస్ టాల్బర్ట్ అనేవారు.

పంతొమ్మిదివందల అరవై ఆరులో తెల్లపిల్లల క్యాంపునీ మాదాన్నీ కలిపేశారు. కలపడమంటే ఏమిటో మాకు ముందు అర్థం కాలేదు. మాది మూసేయడమని తర్వాత తెలిసింది. మా బల్లలు, మా మంచాలు, నా రెండు ఇనప పొయ్యిలు లారీకెక్కించి అక్కడికి తోలారు. వాటితో పాటు నన్నూ తోలారు. అక్కడ పెద్ద వంటమనిషి మిస్ యూనిస్, తెల్లావిడ. మొదటి రోజే నా చేతిలో ఏప్రన్ పెట్టి, "వెర్లీన్, నీకు కూరలు తరగడం, గిన్నెలు కడగడం. వంట సంగతి నేను చూసుకుంటా" అంది. నాకన్నా పదేళ్ళు చిన్నది. "అలాగేనమ్మగారూ" అన్నాను. వారం తిరక్కుండా వంట నా మీద పడింది, పేరు మాత్రం ఆవిడ దగ్గరే ఉంది. దానికి నాకు కోపం రాలేదు. ఆ ఏడాది నాకు దేనికీ పెద్దగా ఏమీ అనిపించేది కాదు. చలికి మొద్దుబారిన వేళ్ళతో పనిచేసినట్టు రోజంతా పనిచేసేదాన్ని.

మిస్ బాస్కమ్ జూన్ మొదట్లో మా ఇంటికొచ్చింది. జిల్లాలో నల్లవాళ్ళ ఇళ్ళకి తిరిగి ఆడవాళ్ళకి పళ్ళు సీసాల్లో నిలవపెట్టడం, కుట్టుపని, పిల్లలకి క్లబ్బు పనులు నేర్పడం ఆవిడ ఉద్యోగం. కలిపేశాక ఆవిడ కుర్చీని అదే ఉద్యోగం చేసే తెల్లావిడ ఆఫీసు వెనక, పాత కాగితాలు పడేసే గదిలో వేసి, 'సహాయకురాలు' అని పేరుపెట్టారు. అయినా ఆవిడ తలమీద టోపీ, చేతులకి తెల్ల తొడుగులు మానలేదు. మా వరండాలో కూర్చుని, నేనిచ్చిన చల్లటి టీ తాగుతూ, "ఆరుగురు పిల్లల్ని పంపమన్నారు వెర్లీన్. ముగ్గురు ఆడ, ముగ్గురు మగ. పంపకపోతే ప్రభుత్వం డబ్బు ఆపేస్తుందని వాళ్ళ భయం, మనమీద ప్రేమేం కాదు. ఆ ఆరుగురిలో నీ ఒపల్ ఉండాలి" అంది.

ఒపల్‌కి అప్పుడు పదకొండేళ్ళు. తనే పెంచిన టమాటాలు సీసాల్లో పట్టి ఆ వసంతంలో జిల్లాలో మొదటి బహుమతి తెచ్చుకుంది. మా క్యాంపుకి రావాలని ఆరేళ్ళప్పట్నుంచీ కాచుకుని కూర్చుంది. తీరా దానికి వయసొచ్చేసరికి క్యాంపు పోయింది.

మా ఆయన క్లియోఫస్ మెట్ల మీద కూర్చుని బూట్ల మట్టి గీరుతున్నాడు.

"ఎందుకు పంపాలి? వాళ్ళ పిల్లలు దీన్ని చూసి పళ్ళికిలించడానికా?"

"ఇకిలిస్తే ఇకిలించనీ క్లియోఫస్. రెండు వారాలేగా."

"రెండు వారాలంటే మాటలా? పొగాకు కోత కూడా అప్పుడే. పిల్ల ఇక్కడుంటే ఆకు అందిస్తది. అక్కడేం చేస్తది, పాటలు పాడుకుంటదా?"

"నేను వెళ్తా నాన్నా" అంది ఒపల్ తలుపు వెనకనుంచి.

"నిన్నెవరడిగారే?"

"మిస్ బాస్కమ్ గారు అడిగారు. నువ్వే కాదంటున్నావు."

క్లియోఫస్ నా వంక చూశాడు. "నీ కూతురికి నీ నోరే వచ్చింది" అన్నాడు. అంటే ఒప్పుకున్నాడన్నమాట.

మిస్ బాస్కమ్ నవ్వలేదు. ఒపల్‌ని దగ్గరికి పిలిచి, ఎదురుగా నిలబెట్టి చెప్పింది. "ఈత కొలనులో నిన్ను దింపుతారో లేదో నాకు తెలీదు. అది నాకనవసరం. భోజనాల బల్ల దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో. అక్కడ ఒకటే గిన్నె బల్లంతా తిరుగుతుంది. నీ దగ్గరికి రాగానే గరిటె పట్టుకో, వడ్డించుకో, పక్కపిల్లకి అందించు. ఆకలి లేకపోయినా ఒక గరిటె వేసుకో. ఆ గిన్నె ఎనిమిది మందిదీనూ. ఆ ఒక్కటీ మీరు ఆరుగురూ నిలబెడితే వచ్చే ఏడు అరవై మందిని పంపుతాను. వద్దనడానికి వాళ్ళకి సాకు దొరకదు."

"గిన్నె నాకు ఇవ్వకపోతేనో?"

"అడుగు. 'కాస్త అందిస్తావా' అని అడుగు. మళ్ళీ అడుగు. మూడోసారీ అడుగు. లేచి మాత్రం రాకు."

ఒపల్ తలూపింది. ఆ సాయంత్రం అది వంటింట్లో ఖాళీ గిన్నె పట్టుకుని, కుర్చీలకి వడ్డిస్తూ, కుర్చీలకి అందిస్తూ గంటసేపు ఆడుకుంది.

జూలై రెండో ఆదివారం పిల్లలొచ్చారు. క్యాంపు పెద్ద మిస్టర్ ప్రూయెట్ ముందే నన్ను ఆఫీసుకి పిలిచాడు. మనిషి చెడ్డవాడేం కాదు. చెమటలు తుడుచుకుంటూ మాట్లాడేవాడు. "వెర్లీన్, నీ కూతురు ఇక్కడ క్యాంపు పిల్ల. నువ్వు వంటింటి మనిషివి. రెండూ కలపకు" అన్నాడు. అన్నీ కలపమని ప్రభుత్వం వాళ్ళు తరుముతుంటే ఆయన కలపొద్దన్నది తల్లీకూతుళ్ళని. నాకు నవ్వొచ్చి ఉండాల్సింది. "అలాగేనండి" అన్నాను.

అక్కడి రివాజు ఏమిటంటే, బల్లకి ఎనిమిది మంది. బల్ల కొసన పెద్దదిక్కుగా ఒక కాలేజీ అమ్మాయో అబ్బాయో కూర్చుంటారు. గిన్నె ఆ కొసన మొదలై కుడిచేతి వైపుగా తిరుగుతుంది. ఎవరి చోటేదో మొదటి రోజు చీటీలు తీస్తారు, రెండు వారాలూ ఇక అదే చోటు. ఆరో బల్ల దగ్గర ఒపల్‌కి మూడో చోటొచ్చింది. కాలేజీ అమ్మాయి, ఒక పిల్ల, తర్వాత ఒపల్. ఒపల్ తర్వాత ఇంకో ఐదుగురు.

మొదటి రాత్రి వేపిన కోడి, చిక్కుడుగింజలు, మెత్తగా నలిపిన బంగాళాదుంపలు. నా చేత్తో చేసినవే. ఆరో బల్ల గిన్నెలు మూడూ దాదాపు నిండుగా తిరిగొచ్చాయి.

మిస్ యూనిస్ వేలు పెట్టి నాకి చూసింది. "బాగానే ఉన్నాయే. ఏ బల్లవి?"

"ఆరోదమ్మగారూ."

ఆవిడ వేలు ఏప్రన్‌కి తుడుచుకుని పొయ్యి వైపు తిరిగింది. చిక్కుడుగింజలు పందుల డబ్బాలో వంచేశాను.

మర్నాడు మధ్యాహ్నం వడ్డన కిటికీలోంచి చూశాను. గిన్నె ఒపల్ దాకా వచ్చింది. నేర్పినట్టే ఒక గరిటె వేసుకుని, నేర్పినట్టే పక్కకి అందించింది. పక్కపిల్ల గిన్నె అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, ఏదో మైలపడ్డట్టు తర్వాతి పిల్లకి తోసింది. ఆ పిల్లా అంతే. ఐదుగురూ అంతే. ఎవరి కంచం పక్కన వాళ్ళకి పెట్టిన రొట్టె ముక్కలు తిని, పాలు తాగి లేచారు.

మిగతా బల్లల దగ్గర ఈ గొడవ లేదు. మా ఆడపిల్లల్లో మిగతా ఇద్దరికీ చీటీలో ఆఖరి చోటొచ్చింది, వాళ్ళ తర్వాత గరిటె పట్టాల్సినవాళ్ళు లేరు. మగపిల్లలు మొదటి రాత్రి బిగుసుకుని కూర్చున్నారు గానీ, సోమవారం పొద్దున్నే వాళ్ళని గుట్టెక్కించి దింపారు. మధ్యాహ్నానికి గరిటె ఎవడి చేతిలోంచి వచ్చిందో చూసుకునే ఓపిక ఎవడికీ లేకపోయింది. నాలుగో బల్ల దగ్గర మా చర్చి పెద్దగారి మనవడు జూనియర్ మాబ్రీ ఉన్నాడు. పన్నెండేళ్ళకే ఎద్దు మేసినట్టు మేస్తాడు. ఆ బల్ల గిన్నెలు కడగక్కర్లేకుండా వచ్చేవి. "వీళ్ళకి పెట్టేకన్నా నేలకి పెట్టడం నయం" అని మిస్ యూనిస్ తిట్టుకునేది. నాకు బాగుండేది.

బుధవారం రాత్రి ఆరో బల్ల గిన్నె ఖాళీగా వచ్చింది.

"చూశావా, సర్దుకుపోయారు. పిల్లలు పిల్లలే" అంది మిస్ యూనిస్.

గురువారం మధ్యాహ్నం మళ్ళీ కిటికీ దగ్గర నిలబడ్డాను. గిన్నె ఒపల్ చేతికొచ్చింది. అది గరిటె ముట్టుకోలేదు. గిన్నెని అలాగే పక్కకి అందించి, తన రొట్టె ముక్క చిన్న చిన్న తుంపులు చేసుకుంటూ కూర్చుంది. అప్పుడు అర్థమైంది నాకు. గిన్నె నిండుగా వస్తే నా పిల్ల తిన్నట్టు. ఖాళీగా వస్తే నా పిల్ల పస్తున్నట్టు.

శనివారం వడ్డన వంతు ఒపల్‌ది. పెద్ద పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది. నడుముకున్న బెల్టు ఇంకో బెజ్జం లోపలికి బిగించుకుంది. పళ్ళెంలో గిన్నెలు సర్దుతూ, తల పైకెత్తకుండా అడిగాను.

"ఎందుకు వడ్డించుకోవట్లేదే?"

"ఇక్కడ మాట్లాడుకోకూడదన్నారుగా."

"అడిగిందానికి చెప్పు."

"నేను తీసుకుంటే వాళ్ళు తినట్లేదమ్మా. మంగళవారం రాత్రి నా పక్కన కూర్చునే పాట్సీ కడుపు పట్టుకుని ఏడ్చింది. నా కింద మంచమే తనది."

"ఏడవనీ. అది ఏడిస్తే నీకేం నొప్పి?"

"మంచం ఊగుతది. నిద్ర పట్టదు."

"మిస్ బాస్కమ్ ఏం చెప్పిందో మర్చిపోయావా?"

"లేదు. అందుకే నిన్న రాత్రి మళ్ళీ తీసుకున్నా. ఒకే ఒక్క గరిటె. నా తర్వాత పాట్సీ కూడా తీసుకుంది. కళ్ళు మూసుకుని, ఆముదం తాగినట్టు మింగిందనుకో. కానీ మింగింది."

"ఐదుగుర్లో ఒకత్తి మింగితే..."

"అమ్మా, నువ్వేం చేయకు." పళ్ళెం ఎత్తుకుంది. "నేను చూసుకుంటా. నువ్వేం చేయకు, సరేనా?"

సరేనన్నాను. అది వెళ్ళాక ముందురాత్రి గిన్నె గుర్తుచేసుకున్నాను. ముప్పావు వంతు నిండుగానే వచ్చింది. ఒక్క చిన్నపిల్ల మింగిన గరిటెడు తేడా నాకు కనిపించలేదు.

సోమవారం సాయంత్రాలు నాకు సెలవు. ఇంటికెళ్ళి బట్టలుతికాను. క్లియోఫస్ పొగాకు జిగురు అంటిన చేతులతోనే వంటింట్లోకొచ్చి కూర్చున్నాడు.

"పిల్లెలా ఉంది?"

"బాగానే ఉంది."

"తింటోందా?"

"తినక? వండేది నేనేగా."

"అదీ నిజమేలే" అన్నాడు. "నీ వంటింట్లో నీ పిల్లకి కరువేంటి."

బట్టల బుట్ట ఎత్తుకుని పెరట్లో ఆరేయడానికి వెళ్ళాను.

మంగళవారం పొద్దున్న నేను క్యాంపుకి చేరేసరికి మిస్ యూనిస్ ఎదురొచ్చి, "కంగారుపడకు. జెండా దగ్గర నిలబడి మీ పిల్ల కళ్ళుతిరిగి పడిపోయింది. నర్సు దగ్గర పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి లేస్తుందిలే" అంది. వెళ్ళి చూస్తానని నేను అడగలేదు. అడిగితే పంపేదేమో. చేతులు కడుక్కుని కోడిముక్కలు పిండిలో దొర్లించడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం గంట కొట్టారు. ఒపల్ వచ్చి తన చోట్లో కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది. మొహం పాలిపోయి ఉంది. నేను ఒక కంచం తీశాను. రెండు తొడ ముక్కలు, ఎర్రగా వేగినవి ఏరి పెట్టాను. బంగాళాదుంపలు గుట్టగా పోసి మధ్యలో గుంట చేసి వెన్న వేశాను. చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె, పక్కన పీచ్ ముక్కలు. ఎవరికీ ఎప్పుడూ అంత శ్రద్ధగా కంచం పెట్టలేదు. ఆరో బల్ల కాలేజీ అమ్మాయిని పిలిచి చేతికిచ్చాను.

"ఇది ఒపల్‌కివ్వమ్మా. గిన్నె కోసం అది కాచుకోనక్కర్లేదు."

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. తొమ్మిది రోజుల నుంచి పాపం ఆ పిల్లకీ ముద్ద దిగట్లేదు. "ఎంత మంచి పని చేశావు వెర్లీన్!" అంది.

కంచం తీసుకెళ్ళి ఒపల్ ముందు పెట్టింది. గిన్నె బయల్దేరింది. రెండో చోటు పిల్ల వడ్డించుకుంది. ఒపల్ అందుకోవడానికి చెయ్యి చాపింది. ఆ పిల్ల ఒపల్ కంచం వంక చూసి, గిన్నెని దాని చేతిమీదుగా దాటించి నాలుగో పిల్లకి అందించింది. ఒపల్ చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ వైపు ఒకసారి చూసి, ఫోర్కు తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఒక్క మెతుకు వదల్లేదు.

మిస్టర్ ప్రూయెట్ మూడింటికి వంటింట్లోకి వచ్చాడు. ఆయన వంటింట్లోకి రావడం నేను చూడ్డం అదే మొదలు.

"వెర్లీన్, మేము ఇన్నాళ్ళూ తలలు బద్దలుకొట్టుకున్నాం. నువ్వు ఒక్క కంచంతో తేల్చేశావు" అన్నాడు. నవ్వుతున్నాడు, చెమట కూడా లేదు. "ఈ రాత్రి నుంచి ఆరుగురికీ అలాగే చెయ్యి. ముందే కంచాల్లో పెట్టి పంపు. అందరికీ హాయి."

మగపిల్లల బల్లల దగ్గర బాగానే తింటున్నారండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. రెండు బల్లల్లో ఆఖరిచోటు పిల్లలకీ ఇబ్బందేం లేదండీ అన్నది కూడా. ఆయన నిలబడే ఉన్నాడు. నేను అనడానికి బోలెడంత వ్యవధి ఇచ్చాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"అలాగేనండి" అన్నాను.

జబ్బుపడ్డ పిల్లలకి వాడే పచ్చంచు రేకు కంచాలు ఆరు, నర్సు గదిలోంచి ఆయనే తెచ్చిచ్చాడు.

రాత్రి భోజనాలయ్యాక జూనియర్ మాబ్రీ కిటికీ దగ్గరికొచ్చాడు. చేతిలో పచ్చంచు కంచం.

"మిసెస్ టాల్బర్ట్, నేనేం తప్పు చేశాను?"

"నువ్వేం చేయలేదు నాయనా."

"మరి నాకు వేరే కంచమెందుకు? గిన్నెలోంచైతే మూడుసార్లు వడ్డించుకునేవాణ్ణి."

"ఇటివ్వు, ఇంకాస్త పెడతా."

"ప్రతిసారీ ఇక్కడికి రావాలా? డానీ గాడు నవ్వుతున్నాడు. నాకేదో అంటురోగమొచ్చిందంటున్నాడు. నిన్నటిదాకా వాడూ నేనూ ఆఖరి ముక్క కోసం కొట్టుకున్నాం."

వాడి కంచం నిండా పెట్టాను. వాడు ఇబ్బందిగా పట్టుకుని, బల్ల దగ్గరికి వెళ్ళకుండా గుమ్మం పక్కన నిలబడి తిన్నాడు. కొరివితో తల గోక్కున్నానని అప్పుడు తెలిసింది. చేతులు కాలాయి, ఇక ఏ ఆకులు పట్టుకోవాలో తెలీలేదు. గిన్నెలు కడిగి బోర్లించాను.

ఆ తర్వాత ఆరో బల్ల గిన్నెలు ప్రతిపూటా ఖాళీగానే వచ్చాయి. ఒపల్ కంచమూ ఖాళీగానే వచ్చేది. ఒక మనిషి ఒక్కతే తిన్న కంచం చూసి ఏమీ చెప్పలేము. పద్నాలుగేళ్ళ అనుభవం దాని దగ్గర పనికిరాలేదు.

గురువారం ప్రభుత్వం తరఫున ఒకాయన చేతిలో సంచీతో వచ్చాడు. మిస్ బాస్కమ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మిస్టర్ ప్రూయెట్ వాళ్ళకి మంచాలు చూపించాడు, కొలను చూపించాడు, భోజనాల వేళకి గదిలోకి తీసుకొచ్చాడు. కిటికీ మీద ఆరు పచ్చంచు కంచాలు వరసగా ఉన్నాయి.

"ఇవెవరికి?" అన్నాడు ఆయన.

"మా కొత్తపిల్లలకి. ఈ ఆలోచన మాది కాదు సుమండీ" అన్నాడు మిస్టర్ ప్రూయెట్. "వాళ్ళ వంటమనిషిదే. ఆ పిల్లల్లో ఒకరికి కన్నతల్లి. వాళ్ళకి ఇలాగే ఇష్టం."

ఆయన నా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

మిస్ బాస్కమ్ నా మొహం వంకే చూస్తోంది. కాదంటానని చూస్తోంది.

"మొదటి కంచం నేనే పెట్టానండి" అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. రెండు ముక్కలే రాసుకున్నాడు.

పెరట్లో మిస్ బాస్కమ్ నా దగ్గరికొచ్చింది. తొడుగులు విప్పి చేతిలో పట్టుకుంది. ఆవిడ వట్టిచేతులు నేను ఎప్పుడూ చూడలేదు, ఎండిపోయి ముడతలు పడి ఉన్నాయి.

"నువ్వు మిగతా మాట కూడా చెప్పాల్సింది వెర్లీన్. మిగతా ఐదుగురి సంగతి."

"పిల్ల పడిపోయిందండీ. తిండిలేక పడిపోయింది."

"తెలుసు."

"తెలీదు మీకు. మీ కడుపున ఒకటి పుట్టుంటే తెలిసేది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడకి పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. ముప్పయ్యేళ్ళుగా జిల్లాలో తిరుగుతూ మా పిల్లలందరి పేర్లూ, వాళ్ళ కోళ్ళ పేర్లతో సహా చెప్పగల మనిషి. ఆవిడ తొడుగులు ఒక్కొక్క వేలే సర్దుకుంటూ వేసుకుని, కారెక్కి వెళ్ళిపోయింది. మా ఇంటికి మళ్ళీ రాలేదు. మరుసటి ఏడు క్యాంపు వాళ్ళు గదులు గదులుగా ఉన్న కొత్త కంచాలు డజను కొన్నారు. మా పిల్లలు నలుగురే వచ్చారు. అరవై మంది మాట ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం వెళ్ళాను, ఆ కంచాలు నింపాను.

ఆ ఏడాది ఆఖరి రోజు శనివారం. పిల్లల్ని తీసుకెళ్ళడానికి అమ్మానాన్నలు కార్లలో, ట్రక్కుల్లో వచ్చారు. నేను కిటికీ దగ్గర ఆఖరి గిన్నెలు తుడుస్తున్నాను. మొహమంతా మచ్చలున్న ఎర్రజుట్టు పిల్ల ఒకత్తి వచ్చి నిలబడింది.

"ఒపల్ వాళ్ళమ్మవి నువ్వేనా?"

"నేనే."

"నా పేరు పాట్సీ. ఒపల్‌కి మా మీద కోపమా?"

"కోపమెందుకమ్మా?"

"మాతో తినడం మానేసింది కదా. మేమందరం తినడం మొదలుపెట్టాకే మానేసింది. అడిగితే ఏమీ చెప్పట్లేదు."

బయట నుంచి వాళ్ళమ్మ పిలిచింది. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. చేతిలో గిన్నె ఎంతసేపు తుడిచానో నాకు తెలీదు.

క్లియోఫస్ ట్రక్కు తెచ్చాడు. ముందు సీట్లో ముగ్గురం కూర్చున్నాం, మధ్యలో ఒపల్. దాని ఒళ్ళో అట్టపెట్టె, అందులో క్యాంపులో చేసిన తోలు పర్సు ఒకటి వాళ్ళ నాన్నకని. ట్రక్కు మట్టిరోడ్డు దాటింది.

"సోమవారం రాత్రి ఏమైంది?" అన్నాను.

"ఏ సోమవారం?"

"నేను ఇంటికెళ్ళిన రాత్రి. ఆరో బల్ల దగ్గర."

ఒపల్ అట్టపెట్టె మోకాళ్ళ మీద సర్దుకుంది. "అందరూ తీసుకున్నారు" అంది. "నేను తీసుకున్నాక పాట్సీ తీసుకుంది. తర్వాత మిగతావాళ్ళు కూడా. గిన్నె తిరిగి నా దాకా వచ్చింది. అడుగున ఒక గరిటెడే మిగిలింది. పాట్సీ నన్ను తీసుకోమంది. తీసుకున్నా."

"మరి పొద్దున్నే పడిపోయావు?"

"ఎండమ్మా అది. జెండా దగ్గర గంటసేపు నిలబెట్టారు. ఇద్దరు తెల్లపిల్లలు కూడా పడిపోయారు, నీకు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"మరి ఆ కంచం ఎందుకు తిన్నావే?" అన్నాను. "నాకొద్దని పక్కకి నెట్టేసి, గిన్నె అడగాల్సింది. మూడుసార్లు అడగమని ఆవిడ నేర్పిందిగా!"

ఒపల్ నా వైపు తిరిగింది. కోపంగా లేదు. నేను అంత చిన్న సంగతి ఎందుకు అడుగుతున్నానో అర్థంకానట్టు చూసింది.

"నువ్వు పెట్టావుగా అమ్మా" అంది. "అంతమంది చూస్తుంటే, నువ్వు పెట్టింది ఎట్లా నెట్టేస్తాను?"

క్లియోఫస్ గేరు మారుస్తూ, "ఏ కంచం?" అన్నాడు.

ఒపల్ అట్టపెట్టె తెరిచి, తోలు పర్సు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.